హీరోయిన్ వచ్చేదాకా

మా నాటక సమాజంలో హీరోయిన్ ఎప్పుడూ నాటకం రోజు మధ్యాహ్నమే దిగేది. డెబ్బైల్లో విశాఖపట్నంలో పోర్టు పనివాళ్ళకీ, రైల్వేవాళ్ళకీ, షిప్‌యార్డువాళ్ళకీ తలో సమాజం ఉండేది. అందరిదీ ఇదే పద్ధతి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు వేషాలు వెయ్యరు. వేసే ఆడవాళ్ళకి అదే బతుకుతెరువు. ఇవాళ ఈ ఊళ్ళో ఒక నాటకం, రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకటి. నెల రోజుల రిహార్సల్సుకి వాళ్ళు వచ్చి కూర్చోలేరు, మేము కూర్చోబెట్టుకోలేం. అందుకని ఆవిడ వచ్చేదాకా ఆవిడ జాగాలో మగవాడొకడు నిలబడి ఆవిడ మాటలు చెప్పేవాడు. దాన్ని ప్రాక్సీ అనేవాళ్ళు. మా సమాజంలో ఆ మగవాణ్ణి నేను.

ఆవిడ బస్సు దిగి వచ్చాక అసలు తమాషా. ప్రాక్సీ చెప్పినవాడు ఆవిడకి గంటలో మూవ్‌మెంట్లన్నీ చూపించెయ్యాలి. ఎక్కడ నిలబడాలి, ఏ మాటకి తిరగాలి, ఎవరి భుజం మీద పడి ఏడవాలి. ఆ గంటలో పట్టుకోగలిగినావిడే ఆర్టిస్టు. పట్టుకోలేకపోతే ఆ కబురు పక్క సమాజాలకి పాకిపోయేది, తరవాతి నాటక పోటీలకి ఆవిడని పిలిచేవాళ్ళు కాదు. చూపించడం అయిపోయాక ఆవిడ స్టేజి మీదకి, నేను స్క్రిప్టు పట్టుకుని పక్కనున్న తెర చాటుకి. నాటకం అయ్యేదాకా అక్కణ్ణించి మాటలందించే ప్రాంప్టింగు నా పని.

నేను పోర్టులో టైమాఫీసు గుమాస్తాని. సన్నటి మనిషిని, మామూలు గొంతు, కోపం మాత్రం ఎక్కువ. క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో మా రిహార్సల్సు. ఓడల్లోకి ఎత్తే ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా అంతటా పడి ఉండేది, మా పాంట్లకి అంటుకుని ఇంటిదాకా వచ్చేది. మా దర్శకుడు వర్క్‌షాపులో ఫోర్‌మన్, గోదావరి జిల్లా మనిషి. అందరం గురువుగారూ అనేవాళ్ళం. హీరో పెందుర్తి వైపు రైతుబిడ్డ, క్రేన్ ఆపరేటరు. పెద్ద మీసం, పెద్ద నవ్వు, మాటలు మాత్రం గుర్తుండేవి కావు. వాడికి మగవాళ్ళందరూ బావలే.

ఆ షెడ్డులో నాకు నేనే ఓ వింతనైపోయాను. మామూలుగా నలుగురిలో మాట్లాడాలంటే నాకు చెమట్లు పట్టేవి. అలాంటిది భార్య వేషానికి ప్రాక్సీగా నిలబడితే మాటలు గడగడా వచ్చేసేవి. ఎందుకొస్తున్నాయా అని ఆలోచించాను. చీర కట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. గొంతు మార్చేవాణ్ణి కాదు, నడక మార్చేవాణ్ణి కాదు. ఆడదాన్నైతే బాగుండునన్న కోరికేమైనా ఉందా అని లోపల వెతికి చూసుకున్నాను. లేదు. మరి ఏమిటి? కొన్నాళ్ళకి తెలిసింది. ఒక మగవాడు నా కళ్ళలోకి చూసి నువ్వు లేకపోతే నేను లేను అంటున్నాడు. చుట్టూ మనుషులు కూర్చుని టీలు తాగుతున్నారు, ఎవరికీ అభ్యంతరం లేదు. నాకు కావలసింది అదే. హీరోయిన్ బస్సు దిగేదాకా అది నాది.

ఆవిడ బస్సు దిగిన ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది. అసూయే, ఇంకో పేరేమీ లేదు దానికి.

ఇప్పుడైతే నాలాంటివాళ్ళకి ఒక మాట ఉంది, పేపర్లలో కూడా రాస్తున్నారు. అప్పుడు మా వైపు తిట్లుండేవి గానీ మాట లేదు. అందుకని నేను చెప్పాల్సి వచ్చినప్పుడు పూర్తి వాక్యంలోనే చెప్పాను. ఒక వేసవి సాయంత్రం టీ విరామంలో గురువుగారు నా పక్కన కూర్చుని, వాళ్ళ బావమరిది కూతురుందని, పిల్ల లక్షణంగా ఉంటుందని మొదలుపెట్టారు. అప్పటికి చెల్లి పెళ్ళని, జాతకమని, క్వార్టరు రాలేదని చెప్పి చెప్పి నా దగ్గరున్న అబద్ధాలన్నీ ఖర్చయిపోయాయి. పైగా ఆ రోజు టీ చల్లారిపోయింది, నాకు చిరాగ్గా ఉంది.

"వద్దండి గురువుగారూ. నాకు ఆడవాళ్ళ మీద మనసు పోదండి. మగాళ్ళ మీదే పోతుంది" అన్నాను.

షెడ్డులో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. అందరికంటే ముందు తేరుకున్నది మా హీరో.

"ఏటి బావా, మరి నా మీద కూడా పోతాదేటి?"

"నీ మీసంలోంచి ఎప్పుడు సూసినా టీ కారతంటాది. నీ మీదెలా పోతాదిరా?"

అందరూ పగలబడి నవ్వారు. గురువుగారు నవ్వలేదు. పైకండువాతో మొహం తుడుచుకుని, "సరే, రెండో సీను ఎత్తుకోండి" అన్నారు. మేము ఎత్తుకున్నాం. ఆయనంటే నాకు ప్రాణమైపోయింది ఆ నిమిషంలోనే.

ఈ సంగతి షెడ్డు గడప దాటకూడదని గురువుగారు అందరి దగ్గరా మాట తీసుకున్నారు. మర్నాటి షిఫ్టుకల్లా జెట్టీ అంతా తెలిసిపోయింది. నాకు ఆశ్చర్యమేసిందేమిటంటే, కొట్టడానికొచ్చినవాళ్ళకంటే అడగడానికొచ్చినవాళ్ళు ఎక్కువ. ఇది ఎప్పణ్ణించి? మందేదైనా ఉందా? పుట్టుకతో వస్తుందా, పట్నం నీళ్ళవల్ల వస్తుందా? మా హీరో పెళ్ళాం నన్ను ప్రత్యేకం భోజనానికి పిలిపించి, వంజరం చేపల పులుసు వడ్డించి, నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. చివరికి, "అన్నయ్యా, మరి పండక్కి కొత్తబట్టలు నీకెవరు కొంటారు?" అని అడిగింది. ఎవరూ కొనరమ్మా అన్నాను. ఆ అమ్మాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం, ఇన్ని ప్రశ్నల్లో ఇదొక్కటే పనికొచ్చే ప్రశ్న అనిపించింది.

అందరూ అలా ఉన్నారని కాదు. నేను తాగిన గ్లాసు ముట్టుకోనివాళ్ళున్నారు. మా విలన్ వేషగాడు గురువుగారి దగ్గరికెళ్ళి, "ఆడుంటే నాను రాను" అన్నాడు. గురువుగారు, "నీ ఇష్టం బాబూ. విలన్లు దొరుకుతారు గానీ ప్రాక్సీ దొరకడు" అన్నారు. వాడు నిజంగానే రాలేదు. గురువుగారు వాణ్ణి బతిమాలనూ లేదు.

రాయడం కూడా ఆ ప్రాక్సీలోంచే పుట్టింది. అప్పటి నాటకాల్లో ఆడవాళ్ళకి రెండే పనులు, ఏడవడం, ఎదురుచూడడం. నెల రోజులు రోజూ ఏడవాలంటే నావల్ల కాలేదు. "గురువుగారూ, ఈ మాట నా నోట రావట్లేదండి" అనేవాణ్ణి. "నీ నోట రాకపోతే ఏంట్రా, ఆవిడ నోట వస్తే చాలుగా" అని విసుక్కునేవారు. తరవాత తరవాత, "సరే, నీ నోట ఎలా వస్తుందో అలా రాసుకు తగలడు" అన్నారు. రాసుకున్నాను. విజయనగరం నుంచి వచ్చే ఒక పాత ఆర్టిస్టు ఆ మాటలు చూసి, "ఇవెవరు రాసేరు తమ్ముడూ? మొదటిసారి నాకు నోరున్నట్టుంది" అంది. ఆ మెచ్చుకోలుతో కొన్నాళ్ళు గాల్లో నడిచాను. పూర్తి నాటికలు మొదలుపెట్టాను. రెండు మూడు రేడియోలో కూడా వచ్చాయి.

ఆ విజయనగరం ఆవిడ గురించి చెప్పాలి. నలభై దాటిన మనిషి, నల్లగా, పొట్టిగా ఉండేది. స్టేజి ఎక్కితే పొడుగ్గా కనపడేది, ఎలాగో నాకిప్పటికీ అంతుపట్టదు. ఎంత చూసినా తెలిసేది కాదు గనక ఇంకా ఇంకా చూసేవాణ్ణి. నాకు రాని వేషం లేదు బాబూ అని గట్టిగా చెప్పుకునేది. అది గొప్పలు పోవడం కాదు. గంటలో వేషం పట్టుకుంటుందన్న పేరు మీదే ఆవిడ ఇల్లు నడిచేది.

ఎనభైల్లో, స్టీలు ప్లాంటు కడుతున్న రోజుల్లో, ఊళ్ళోకి కృష్ణా నుంచీ గోదావరి నుంచీ జనం దిగారు. నాటకాలకి హాళ్ళు నిండేవి. అప్పుడే నేను నా నాటిక రాశాను. ఇద్దరు మగవాళ్ళు ఒకే క్వార్టరులో ఏళ్ళ తరబడి ఉంటారు. ఒకడికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి బయల్దేరే ముందు ఆ గదిలో జరిగేదే నాటకం. వాళ్ళ చేత మా వైపు యాసే మాట్లాడించాను. ఆ యాస అప్పటిదాకా స్టేజి మీద పనివాడి వేషానికే ఇచ్చేవాళ్ళు, జనం నవ్వడానికి. పెళ్ళికెళ్ళేవాడు మా హీరో. గదిలో మిగిలిపోయేవాణ్ణి నేను. ఈసారి ప్రాక్సీ కాదు, వేషం నాదే. జీవితంలో ఒక్కసారి వెలుగులో నిలబడి నాదైన మాట చెప్పాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. గురువుగారు వారం పాటు ఆ స్క్రిప్టు సంచిలో పెట్టుకు తిరిగి, చివరికి "వేద్దాం" అన్నారు. మా హీరో, "నా పెళ్ళాం సెయ్యమంది బావా" అన్నాడు.

నెల రోజులు రిహార్సల్సు. అదే షెడ్డు, అదే జాగా, ఎదురుగా అదే మీసం. పొరపాటంతా అక్కడే జరిగింది. మా సెక్రటరీ స్టోర్సులో పనిచేసే మనిషి. నాటకం ఎప్పుడూ చదవడు, నాటకానికి కావలసినవి చూస్తాడు. లైట్లు, మేకప్, సామాన్ల లారీ, హీరోయిన్. రోజూ వచ్చి చూస్తే హీరో నాతో ప్రేమగా మాట్లాడుతున్నాడు, నేను జవాబు చెబుతున్నాను. ఎప్పుడూ చూసేదే కదా, నేను ప్రాక్సీ చెబుతున్నాననుకున్నాడు. మాటలు రాసి పంపే టైము లేదని, వచ్చి ప్రాంప్టింగు మీద లాగించెయ్యమని విజయనగరానికి కబురు పెట్టేశాడు.

నాటక పోటీ రోజు మధ్యాహ్నం హాలు పక్క స్కూల్లో మాకు గదులిచ్చారు. సాయంత్రం మొదటి నాటకం మాదే. నేను బల్ల మీద కూర్చుని మాటలు నెమరేసుకుంటున్నాను. గుమ్మంలో సంచీ, మేకప్ పెట్టె పట్టుకుని విజయనగరం ఆవిడ.

"తమ్ముడూ, ఏటి వేషం నాది?"

అందరం సెక్రటరీ వైపు తిరిగాం. "అదేటలా సూత్తారు? హీరోయిన్ లేకుండా నాటకమేటి?" అన్నాడు అమాయకంగా. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గురువుగారి వైపు చూశాను, నా నవ్వు ఆగిపోయింది. ఆయన మొహం తేలికపడింది. నెల రోజులుగా ఆ మొహంలో భయం ఉందని, అది పోయాకే నాకు తెలిసింది.

నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. "చూడరా, ఇదీ మన మంచికే అనుకో. ఆవిడకి చీర కట్టించి నిలబెడదాం. మాటలు ఒక్కటీ మార్చొద్దు. రచన పేరు నీదే. పెళ్ళి కాకుండా ఒక ఆడామగా ఒకే గదిలో ఉన్నారంటే చాలదా ఏంటి ఈ ఊరికి?"

"మళ్ళీ ప్రాక్సీయేనా అండీ? నా బతుక్కి నేనే ప్రాక్సీనా?" అన్నాను.

"జనం నీ మీద చెప్పులు విసిరితే నేను చూడలేనురా" అన్నారాయన. నిజంగానే కళ్ళు తడిసి ఉన్నాయి. ఇంకెవరైనా అయితే స్క్రిప్టు మొహాన కొట్టి వెళ్ళిపోయేవాణ్ణి. ఈయనైతే విలన్ని వదులుకుని నన్ను ఉంచుకున్న మనిషి. చివరికి ఆయనే ఒక మెట్టు దిగారు. "ముందు ఆవిడకి చూపించు. ఆవిడకి వస్తే ఆవిడ వేస్తుంది. రాకపోతే నువ్వెయ్యి."

ఆవిడకి రాకపోవడమంటూ ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

ఒక క్లాసుగదిలో బెంచీలు గోడకి జరిపి చూపించడం మొదలుపెట్టాను. నా మాటలు నేను ఇంకొకరికి నేర్పుతున్నాను. మా హీరో ఇంకా షిఫ్టు దిగి రాలేదు, వాడి బదులు ఒక కుర్చీ పెట్టుకున్నాం.

"ఎక్కడ ఏడవాల?" అందావిడ, కొంగు బిగించి.

"ఎక్కడా ఏడవద్దక్కా."

"ఏడవొద్దా! మరి నన్నెందుకు పిలిసేరు?"

పెళ్ళికి బయల్దేరేవాడి చొక్కా చేతులకి గుండీలు పెట్టే చోటికి వచ్చాం. నాటకానికి గుండెకాయ అదే. ఆవిడ కుర్చీ దగ్గరికెళ్ళి, మొగుడికి పెళ్ళాం పెట్టినట్టు, ముచ్చటగా మొహంలోకి చూస్తూ గుండీ పెట్టింది. బాగానే ఉంది. కానీ అది కాదు.

"అలా కాదక్కా. మొహంలోకి చూడకు. కిటికీ వైపు చూస్తూ గబగబా పెట్టెయ్యి."

"కిటికీ వైపెందుకు?"

"ఎవరైనా చూస్తారేమోనని."

"తలుపేసుంది కదా ఈ సీన్లో."

"అయినా చూస్తాం అక్కా. అలవాటైపోతుంది."

ఆవిడ కుర్చీని వదిలేసి నావైపు తిరిగింది. అప్పటిదాకా ఎంతోమంది నన్ను ఎన్నో అడిగారు గానీ, ఆవిడ అడిగింది ఎవరూ అడగలేదు. "నువ్వెప్పుడైనా ఎవరికైనా ఇలా గుండీ పెట్టేవా తమ్ముడూ?"

"పెట్టాను. పెళ్ళికెళ్తుంటే నేనే పెట్టాను" అన్నాను. "తిరిగి చూడలేదతను." ఎవరికీ చెప్పని మాట అది.

ఆవిడ మళ్ళీ కుర్చీ దగ్గరికెళ్ళి, లేని చొక్కా చేతిని పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ లేని గుండీలు పెట్టింది. వేళ్ళు తొందరపడ్డాయి. అది నేనే. ఆ గదిలో ఆ రోజు నేనెలా ఉన్నానో అలాగే ఉంది. వచ్చేసింది ఆవిడకి. ఇంక నా వేషం పోయినట్టే అనుకున్నాను.

ఆవిడ చేతులు దులుపుకుని వరండాలోకి నడిచింది. గురువుగారు, సెక్రటరీ అక్కడే ఉన్నారు. నేను వెనకాల నిలబడ్డాను.

"నాకు రాదు బాబూ ఈ వేషం" అంది.

"మీకు రాకపోవడమేంటండీ?" అన్నారు గురువుగారు తెల్లబోయి.

"రావట్లేదు. గంటసేపు సూపించేడు తమ్ముడు, పట్టుకోలేకపోయేను. వయసైపోనాది కామోసు."

సెక్రటరీ నోరు తెరిచాడు. ఆ నోరు ఊరంతా తిరుగుతుందని ఆవిడకి నాకంటే బాగా తెలుసు. తిరిగింది కూడా. తరవాతి పోటీలకి రెండు సమాజాలు ఆవిడని పిలవలేదు. నేను రాసిన ప్రతి నాటికకీ ఆవిడే కావాలని పట్టుబట్టి, పోట్లాడి, ఆ పేరు మళ్ళీ నిలబెట్టడానికి నాకు చాలా కాలమే పట్టింది.

గురువుగారు నా వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. ఆయనకి అర్థమైందని నా నమ్మకం. "సరేరా. ఇచ్చిన మాట ఇచ్చినట్టే. వెళ్ళి మేకప్‌కి కూర్చో" అన్నారు. అప్పుడే షిఫ్టు దిగిన మా హీరో చెమటతో పరిగెత్తుకొచ్చి, సంగతంతా విని, "హమ్మయ్య. ఆవిడతోటి అంటే నాను మళ్ళీ మొదటికాణ్ణించి నేర్సుకోవాల" అన్నాడు.

మేకప్ వేయించుకుంటూ ఆవిడని అడిగాను, నీకు వచ్చింది కదక్కా అని. "ముందా తల తిన్నగా పెట్టు, రంగు సెరిగిపోతాది" అంది. నా చేతిలోని స్క్రిప్టు తీసుకుని తెర చాటుకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ నేను నిలబడిన చోటు అది.

చెప్పులేమీ పడలేదు. మొదట్లో మా యాస విని కొందరు నవ్వారు, తరవాత నవ్వలేదు. ప్రైజూ రాలేదు. నాటకం బాగుంది గానీ వస్తువు మన సంస్కృతికి దూరమని ఒక జడ్జిగారు సెలవిచ్చారు. అతని సంస్కృతికి ఎంత దూరమో కొలిచి చెబుదామని లేవబోతే గురువుగారు నా చొక్కా పట్టుకు లాగారు. అవన్నీ తరవాతి సంగతులు. నాకు గుర్తున్నది గుండీల సీను.

మా హీరో చెయ్యి చాపాడు. నేను గుండీ పట్టుకుని, అలవాటు ప్రకారం కిటికీ వైపు చూశాను. ఆ కిటికీ అంటే ఉత్త చెక్క చట్రం, పక్క తెర వైపు పెట్టినది. దాని అవతల ఆవిడ నిలబడి ఉంది. స్క్రిప్టు మూసేసి చంకలో పెట్టుకుంది. మాటలందించే ఉద్దేశం లేదు. ఊరికే చూస్తోంది. నేను గుండీ పెడుతుంటే ఒక మనిషి కిటికీలోంచి కళ్ళారా చూస్తోంది.

నేను కిటికీ వదిలేసి మా హీరో మొహంలోకి చూశాను. గుండీ నెమ్మదిగా పెట్టాను. రెండో చెయ్యి అందుకున్నాను.

"ఏటి బావా, లేటు సేత్తన్నావ్" అన్నాడు వాడు మీసం కదలకుండా, నాకొక్కడికే వినపడేలా.

అయినా నేను తొందరపడలేదు.